దగ్గరయ్యే గీతలు

గీతలు సమానంగా లేవు. ఆదిశేషు ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి, తల ఎడమకి వంచి చూశాడు, కుడికి వంచి చూశాడు, అయినా నమ్మకం కుదరక లేచి నిలబడి చూశాడు. స్టేజీ మీద ఇనుప స్టాండులో నిటారుగా నిలబెట్టిన ఆ నల్ల గిటారు మెడ మీద, తల దగ్గర ఎడంగా మొదలైన ఇత్తడి గీతలు కిందికి దిగే కొద్దీ ఒకదాని పక్కకి ఒకటి జరుగుతూ, చివరికొచ్చేసరికి బస్సులో జనంలా ఇరుక్కుని నిలబడ్డాయి. వెనక కూర్చున్నాయన "కూర్చో అన్నా, మా పిల్లోడు కనపడట్లే" అన్నాడు. ఆదిశేషు కూర్చున్నాడు. కూర్చున్నాడు గానీ, చూపు మాత్రం ఆ గీతల మీదే ఉండిపోయింది. ఆ గిటారు న్యాయనిర్ణేతగా ఒంగోలు నుంచి వచ్చిన, గిటారు నేర్పే విజయ్ కుమార్ సారుది. కొన్న గిటారు, కంపెనీ గిటారు. కంపెనీ వాళ్ళు గీతలు తప్పుగా గీయరు. అది ఒప్పయితే, ఇప్పుడు తెర వెనక తన కూతురు లక్ష్మీకుమారి ఒళ్ళో పెట్టుకుని వంతు కోసం కాచుకున్న గిటారు తప్పు. దాని మెడ మీద గీతలు పలక మీద గీతల్లా సమానంగా, వెంట్రుకంత తేడా లేకుండా ఉన్నాయి. ఉంటాయి మరి. వాటిని కోసింది తనే.

"ఏందయ్యా, కలుగు దగ్గర పిల్లి మాదిరి అట్ల చూస్తన్నావు?" అంది పక్కనున్న యశోద. కొంగుతో విసురుకుంటోంది. పైన ఫ్యాను తిరుగుతోందే గానీ గాలి కిందికి దిగడం లేదు, మార్కాపురంలో మార్చికే ఎండ మనిషిని పట్టుకుంటుంది. "ఏం లేదు" అన్నాడు. ఏం లేదు అన్న మాట నోట్లో పలకపొడిలా తగిలింది. స్టేజీ మీద ఎవరో పిల్లవాడు మడత స్టూలు తెరిచి మూసి చూపిస్తున్నాడు, బడిలో చెక్కపని నేర్పే జీవానందం మాస్టారు మైకులో దాని గుణగణాలు చెబుతున్నాడు, చుట్టుపక్కల బళ్ళన్నిటిలోనూ పిల్లలు చేసిన చెక్కపని ప్రాజెక్టులు ఇవాళ ఇక్కడికే చేరాయి. స్టూలు తర్వాత కోడిపిల్లల పెట్టె, తర్వాత గోడ అలమర, ఆ తర్వాత లక్ష్మీకుమారి. మధ్యలో ఒక గంట ఉందేమో. గంటలో ఏం చేయొచ్చు? గంటలో గీతలు పీకి మళ్ళీ కోయలేడు. జిగురు ఎండి రాయైంది. లేచి వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోవచ్చు. ఎందుకని యశోద అడిగితే? పదో తరగతి అయ్యాక అందరు పిల్లల్లాగా ఇంటర్‌లో చేరమని తల్లి, కాదు బయటి ఊర్లో చెక్కపని, డిజైను నేర్పే డిప్లొమా ఉంది అందులోకి పోతానని కూతురు, సంక్రాంతి ముందు నుంచీ ఇంట్లో ఇదే పోరు. చివరికి యశోదే తేల్చింది: "నలుగురిలో పలకనీ ఆ గిటారు. పలికితే అప్పుడు చూద్దాం. పలకకపోతే మాత్రం నోరు మూసుకోని ఇంటర్‌కి పోవాల." పిల్ల సరేనంది. అప్పుడు ఆదిశేషు మీసం కింద నవ్వుకున్నాడు, ఎందుకు పలకదు, మెడ కోసింది ఎవరనుకున్నారు అని.

రైలు పట్టాలు. ఆ మాట తనే అన్నాడు కదా. ఆ రోజు వాకిట్లో మంచం మీద కూర్చుని పిల్ల తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీస్తోంది, పక్కన ఫోనులో గిటారు బొమ్మ. కాగితం తీసుకుని చూస్తే గీతలు మొదట్లో దూరం, చివర్లో దగ్గర. నవ్వొచ్చింది. "బొమ్మ చూసి దించినావా అమ్మా? ఫొటో ఈ కొస నుంచి తీసినారు. ఆ కొస దూరం కదా, దూరంగా ఉండేవన్నీ దగ్గర దగ్గరగా కనపడతాయి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో నిలబడి గిద్దలూరు దిక్కు చూడు, పట్టాల కింద దిమ్మెలు పోయే కొద్దీ కలిసిపోయినట్టే ఉంటాయి. నడిచి పోయి చూస్తే అన్నీ ఒకటే ఎడం." ఎంత బాగా చెప్పాడు. అంత బాగా చెప్పినందుకు తనకే ముచ్చటేసింది. పిల్ల తలెత్తి, "బొమ్మ కాదు నాయనా, లెక్క. లెక్క ప్రకారం గీసినా" అంది. "లెక్కయితే సమానంగానే రావాల కదా" అన్నాడు తను. పిల్ల ఇంకేదో చెప్పబోయింది. ఏం చెప్పబోయింది? తీగ సగానికి, సగంలో సగానికి అని ఏదో మొదలుపెట్టింది. అంతలో యశోద నీళ్ళ బండి వచ్చిందని కేకేసింది, బిందెలు, పరుగు, వరసలో తోపులాట. ఆ మాట అక్కడే నిలిచిపోయింది. బిందెలు నింపుకొచ్చాక తను అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు. సమానం గురించి తనకి ఒకరు చెప్పేదేముంది?

సమానం అంటే ఏమిటో ఆదిశేషుకి చేతుల్లోకి ఎక్కించింది పలకల కార్ఖానా. కొనకనమిట్ల దగ్గర ఊళ్ళో నాయన యల్లయ్యకి గొర్రెల మంద ఉండేది, గొర్రెల వెంట తిరిగినన్నాళ్ళూ ఆదిశేషు లోకంలో రెండు వస్తువులు ఒకలా ఉండడం చూడలేదు. ఒక గొర్రెలా ఇంకో గొర్రె ఉండదు, ఒక వానలా ఇంకో వాన పడదు, ఈ ఏడు మేత దొరికిన గుట్ట మీద వచ్చే ఏడు రాళ్ళే మిగులుతాయి. మీసాలు రాని వయసులో మార్కాపురం వచ్చి కార్ఖానాలో అడుగుపెడితే, గోడ పొడవునా పేర్చిన పలకలు, అన్నీ ఒకటే పొడవు, ఒకటే మందం, ఒకటే నలుపు. కాసేపు అలాగే నిలబడిపోయాడు. ఇంత శాంతి ఉంటుందా లోకంలో అనిపించింది. గీతల పలకల దగ్గర పని చెప్పిన మేస్త్రీ ఒక పలక తీసి వెలుతురుకి పట్టి, గీతల్లో ఒకటి పక్కకి జరిగి ఉంటే రాయి మీద వేసి పగలగొట్టేవాడు. "ఒక గీత తప్పినావంటే పిల్లోడి అక్షరం బతుకంతా వంకరే పోతాదిరా. ఆ పాపం నీదే" అనేవాడు. అక్షరం రాని ఆదిశేషు ఆ పాపానికి భయపడ్డాడు. భయం నెమ్మదిగా చేతివాటమైంది, చేతివాటం గర్వమైంది. ఇప్పుడు పలకలు కొనేవాళ్ళు తగ్గిపోయారు, కార్ఖానాలో నేల మీద పరిచే బండలే ఎక్కువ కోస్తున్నారు, అయినా ఎప్పుడన్నా గీతల పలకలకి ఆర్డరు వస్తే ఆదిశేషునే పిలుస్తారు. కొలబద్ద ఎత్తకుండా అతని కన్ను చెబుతుంది, ఇది ఒప్పు, ఇది తప్పు అని. ఆ కన్నే ఇప్పుడు స్టేజీ మీద నల్ల గిటారును చూపించి, నువ్వు తప్పు అంటోంది.

చప్పట్లు. మడత స్టూలు దిగిపోయింది. కోడిపిల్లల పెట్టెతో ఇద్దరు పిల్లలు ఎక్కారు. పెట్టెలో నిజంగానే కోడిపిల్లలున్నాయి, కిచకిచలు మైకులోకి దూరి హాలంతా నవ్వు. యశోద కూడా నవ్వింది. "మన దానికంటే ఇదే బాగుండాదే" అంది, ఏడిపించడానికే. మామూలుగా అయితే ఆదిశేషు ఊరుకునేవాడు కాదు. గిటారు ఒళ్ళు వేపచెక్క, నాయన గొర్రెల దొడ్డికి ఏళ్ళ తరబడి తలుపై ఎండకి ఎండి వానకి తడిసి ఇక వంగడానికి ఏమీ మిగలని చెక్క, అట్లాంటిది కంపెనీ వాళ్ళకి కూడా దొరకదు, అని మొదలుపెట్టేవాడు. నాయన పోయాక, మందని అమ్మేశాక, దొడ్డి తలుపు ఇంటి వెనక గోడకి ఆనించి ఉండిపోయింది. లక్ష్మీకుమారి దాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి విన్నది. "ఇది మోగతాంది నాయనా." జీవానందం మాస్టారు దాని మీద పెన్సిలుతో ఆకారం గీయించాడు. కోసింది పిల్లే. చిత్రిక పట్టింది పిల్లే. చివర్లో దాన్ని బుగ్గకి ఆనించుకుని నున్నగా ఉందో లేదో చూసుకుంది. ఆ వేప వాసన ఇల్లంతా. తీగల కింద ఉండి మోతని కరెంటుగా మార్చే రాగి చుట్ట కోసం దాని మేనమామ గోపి దుకాణానికి వెళ్ళింది. గోపిది బోరు మోటార్లు కాలిపోతే వైండింగు చేసే దుకాణం, ఎండాకాలం వస్తే వాడికి తినడానికి కూడా తీరదు. "ఏమే కోడలా, నీ గిటారుకి ఎన్ని హెచ్‌పీ పెట్టమంటావు?" అని ఎగతాళి చేస్తూనే, పాత స్పీకరులో అయస్కాంతం పీకి ఇచ్చాడు. వెంట్రుక కంటే సన్నటి రాగితీగ, తెగుతుంది, మళ్ళీ మొదటి నుంచి చుడుతుంది, తెగుతుంది, మళ్ళీ. అన్నీ అదే చేసుకుంది. నాన్నని సాయం అడిగింది ఒక్క దానికే. మెడకి. మెడ మీద సన్నటి గాడులు రంపంతో కోయడం తన చేతికి కుదరడం లేదని, కాగితం ఇచ్చి, దీన్నిబట్టి కోసి పెట్టు నాయనా అంది. దీన్నిబట్టి. ఆ మాట కూడా అంది. అంది కదా.

కాగితం ఇచ్చి బడికి పోయింది. ఆ మధ్యాహ్నం కార్ఖానాకి సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు తను. మెడ కోసం తెచ్చిన టేకు పట్టీని రాయి మీద పెట్టి కాగితాన్ని దాని మీద పరిచి చూస్తే, పాపం పిల్ల, ఫొటోనే దించుకొచ్చింది, లెక్క అంటే నాన్న ఊరుకుంటాడని లెక్క అంది అనుకున్నాడు. ఇదే పలకైతే మేస్త్రీ రాయి మీద వేసి పగలగొట్టేవాడు. నలుగురిలో నవ్వులపాలు అవుతుంది, సరిచేద్దాం అనుకున్నాడు. ఎంత ప్రేమగా అనుకున్నాడు! మొదటి గీత, చివరి గీత పిల్ల పెట్టినచోటే ఉంచి, నడిమివన్నీ సర్దాడు. రంపానికి దారి చూపే చిన్న దిమ్మె చేశాడు, అడుగున ఒక పల్లు పెట్టాడు. ఒక గాడి కోసి అందులో పల్లు దూరిస్తే రంపం సరిగ్గా అంతే దూరంలో ఇంకో గాడి కోస్తుంది, అందులో దూరిస్తే ఇంకోటి. ఒకసారి ఎడం కుదిరిందంటే ఇక తప్పమన్నా తప్పదు. గీతల పలకల్లో నేర్చిన కిటుకు అది. ఇత్తడి తీగలు కొట్టి, జిగురు పోసి, ఆకురాయితో నున్న చేసి, చీకటిపడక ముందే మెడని ఒంటికి బిగించేశాడు కూడా. పిల్ల రాగానే చూపించాలని గుడ్డ కప్పి పెట్టాడు. గుడ్డ తీశాడు. పిల్ల చూసింది. చాలాసేపు చూసింది. వేలితో ఒక్కో గీతా తడుముతూ పై నుంచి కింది దాకా వెళ్ళింది. ఆ చూపుని అప్పుడు ముచ్చట అనుకున్నాడు. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని మళ్ళీ చూస్తుంటే అది ముచ్చట కాదు. పై నుంచి కింది దాకా వేలు వెళ్ళింది, కింది నుంచి పైకి రాలేదు. ఆగిపోయింది. తర్వాత "గీతలు శానా బాగుండాయి నాయనా" అంది. అబద్ధం కాదు. గీతలు బాగానే ఉన్నాయి.

అంటే దానికి తెలుసా? తెలిసి చెప్పలేదా? తీగలు బిగించిన రోజు గుర్తుకొచ్చింది. గోపి ఇచ్చిన పాత ఆంప్లిఫయరుకి తగిలిస్తే, ఇంట్లో దీపం వెలిగినట్టు, వేపచెక్కలోంచి శబ్దం లేచింది. ఉత్త తీగ మీటినప్పుడు బాగుంది. వేలు పెట్టి నొక్కి మీటినప్పుడు ఏదో మూలిగినట్టుంది. పిల్ల ఇంకో గీత దగ్గర నొక్కింది, ఇంకో మూలుగు. ఇటు తిరిగి నవ్వింది. "కొత్తది కదా నాయనా, తీగలు సాగాల" అంది. తను నమ్మాడు. కొత్త మంచం నులక సాగదా, అట్లాగే అనుకున్నాడు. ఆ తర్వాత నుంచీ అది తలుపు దగ్గరగా వేసుకుని సాధన చేసేది. ఒకటే స్వరం, మళ్ళీ అదే, మళ్ళీ అదే, యశోద విసుక్కునేది, "దానికి వేరే మాట రాదా?" ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే పిల్ల తీగని నొక్కడమే కాకుండా పక్కకి లాగుతోంది, ఎద్దుని పలుపుతో లాగినట్టు, పళ్ళు బిగబట్టి. లాగే కొద్దీ మూలుగు పైకి లేచి, ఒకచోట కుదురుకుని, స్వరమైంది. ఫోనులో ఏదో పెట్టి దానితో పోల్చుకుంటోంది. వాయించే పద్ధతి అదేనేమో అనుకున్నాడు తను. అన్నం తినేటప్పుడు పచ్చడి తగిలి పిల్ల చెయ్యి విదిలిస్తే, పట్టుకుని చూశాడు, వేళ్ళ కొసలు చీలి ఉన్నాయి. పసుపు రాసి, "మెత్తటి తీగలు తెచ్చుకోరాదా అమ్మా" అన్నాడు. మెత్తటి తీగలట! తను కోసిన ప్రతి గీత దగ్గరా స్వరం కిందికి పడిపోతుంటే, పడిపోయిన ప్రతి స్వరాన్నీ పిల్ల బావిలోంచి చేద లాగినట్టు వేళ్ళతో లాగి పైకి తెచ్చుకుంటోంది. ఇన్ని నెలలుగా. తన గీతలు పీకమని అడగలేక. రెండు కొసల్లో పిల్ల పెట్టిన గీతలు ఒప్పు, నడుమంతా తను. ఆ నడుమంతా దాని వేళ్ళ నెత్తురు.

కోడిపిల్లలు దిగిపోయాయి. గోడ అలమర ఎక్కుతోంది. ఆదిశేషు లేచాడు. "యాడికి?" అంది యశోద. "నీళ్ళకి" అన్నాడు. గోడ వెంట నడిచి, పక్క తలుపు దాటి, వరండాలోకి వెళితే లక్ష్మీకుమారి బెంచీ మీద కూర్చుని ఉంది, గిటారు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళని నోట్లో పెట్టుకుని తడిచేసుకుంటూ. తండ్రిని చూసి వేళ్ళు దాచేసింది.

"పాపా, గీతలు తప్పు."

వరండా బయట ఎండలో ఎవరిదో స్కూటరు స్టార్టు కాక దగ్గుతోంది.

"తెలుసు నాయనా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు గుడ్డ తీసినప్పట్నుంచి."

"చెప్పలేదేందే మరి?" గొంతు పెద్దదయింది, తగ్గించుకున్నాడు. "మర్నాడే పీకి మళ్ళీ కోసేటోణ్ణి కదా. నేనేమన్నా తంతానా?"

"తన్నవు. పనికి పోకుండా కూర్చుంటావు. అన్నం తినవు." పిల్ల గిటారు మెడ మీద అరచెయ్యి పెట్టింది. "ఫస్టు రోజు చెప్దామనే అనుకున్నా. నువ్వు అమ్మకి చూపిస్తన్నావు, గోపీ మామకి ఫోన్ చేసి చెప్తన్నావు, మా పాప గిటారుకి నేనే గీతలు కోసినా అని. ఇంగేం చెప్పేది? రెండో రోజు చెప్దామనుకున్నా. అప్పటికి ఒక స్వరం దొరికింది. లాగితే వచ్చింది. ఒకటి వస్తే ఇంకోటి రాదా అని..."

"సారుకి చెప్తా నేను. ఈ పిల్ల కాగితం ఒప్పు, నేను చెడగొట్టినా అని."

"చెప్పొద్దు నాయనా." ఈసారి దాని గొంతు పెద్దదయింది. "నువ్వు లేస్తే నా చెయ్యి వణకతాది. పో, అమ్మ దగ్గర కూర్చో."

వెళ్ళి కూర్చున్నాడు. ఇంతకన్నా కష్టమైన పని అతను కార్ఖానాలో చేయలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, అవి తమంతట తాము పైకి లేస్తాయేమోనని. మైకులో దాని పేరు వినిపించింది. తెర పక్క నుంచి వచ్చింది, స్కూలు యూనిఫారంలో, దొడ్డి తలుపుని మెడకి తగిలించుకుని. అవును, దూరం నుంచి చూస్తే నాయన దొడ్డి తలుపే అది, ఒక మూల గొర్రెలు రాసుకుని నున్నబడ్డ చోటు ఇంకా అలాగే మెరుస్తోంది. జీవానందం మాస్టారు వైరు తగిలించాడు. హాలు ఒకసారి గుర్రుమంది. విజయ్ కుమార్ సారు కుర్చీలోంచి లేచి వచ్చి, ఒళ్ళు తడిమి, అంచు చూసి, తిప్పి వెనక చూసి, "వేపా? బాగుందే" అన్నాడు. "ఒకసారి ఇటివ్వమ్మా" అంటూ తీసుకున్నాడు. ఇది ఆదిశేషు అనుకోలేదు. పిల్ల కూడా అనుకోలేదు, దాని చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. సారు తీగలు మీటాడు, ఉత్తవి, బాగున్నాయి, తలాడించాడు. వేళ్ళు నాలుగూ ఒక్కసారిగా మెడ మీద పెట్టి ఏదో పెద్ద మోత మోగించాడు.

కంచం మీద మేకు గీసినట్టు వచ్చింది. ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు, వెనక వరసల్లో నవ్వు. సారు ముఖం చిట్లించి ఇంకోచోట వేళ్ళు పెట్టాడు, ఇంకా ఘోరం. నవ్వు ముందుకి పాకింది. ఆదిశేషు తొడల కింద చేతులు మంటలెత్తుతున్నాయి. యశోద విసురుకోవడం ఆపింది. సారు మెడని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు, అతనికి అర్థమైపోయింది, చదువుకున్నవాడు కదా, ఒక్క చూపులో అర్థమైంది. "అమ్మాయ్, గీతలన్నీ సమానంగా పెట్టేశావే. ఇట్లా పెడితే దీని మీద ఏదీ పలకదు కదా. ఎవరు కోశారు?" మైకు దగ్గరగా ఉంది, హాలంతా విన్నది. ఆదిశేషు అరచేతులు బయటికి వచ్చాయి, మడమలు నేలని తన్నాయి.

"మేమే సార్, ఇంట్లో" అంది లక్ష్మీకుమారి. "పలుకుతాది సార్. తీగలన్నీ కలిపి కార్డులు కొడితే పలకదు. ఒక్కొక్క స్వరమైతే పలుకుతాది."

సారు గిటారు తిరిగిచ్చాడు. "ఏదీ, సరిగమలు వాయించు చూద్దాం." ఎగతాళి లేదు, నమ్మకమూ లేదు. పిల్ల కళ్ళు మూసుకుంది. మొదటిది ఉత్త తీగ, దానికేం బాధ లేదు. రెండోది. వేలు ఆదిశేషు గీత వెనక దిగింది, పక్కకి లాగింది, మూలుగు మొదలవక ముందే పైకి లేచి కుదురుకుంది. మూడోది ఇంకొంచెం లాగాలి. నాలుగోది ఇంకా. నడిమికి వెళ్ళే కొద్దీ తన తప్పు పెద్దదవుతుందని ఆదిశేషు దాని మణికట్టు తిరగడం చూసి తెలుసుకున్నాడు, ఎంత తప్పో అంత లాగుతోంది, కొలబద్ద లేకుండా, కళ్ళు మూసుకుని, ఒక్కోచోట ఒక్కో కొలత. ఏ రెండూ సమానం కాదు. అయిదోది లాగేటప్పుడు దాని కింది పెదవి పళ్ళ కిందికి పోయింది. ఆ తర్వాత మెల్లమెల్లగా లాగడం తగ్గింది, చివరి గీత దగ్గర వేలు ఉత్తినే ఆనింది, స్వరం తనంతట తనే గంటలా మోగింది. మళ్ళీ అక్కడి నుంచి కిందికి. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, సరిగమలకి ఎవరు కొడతారు, పక్కన ఎవరో ఆవులించారు కూడా. విజయ్ కుమార్ సారు మాత్రం దాని చేతి మీదకి వంగి చూస్తున్నాడు. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి వాయించింది. సారు మైకు పక్కకి జరిపి పిల్లతో ఏదో అన్నాడు, పిల్ల తలూపింది, వేళ్ళు చూపించమంటే చూపించింది. సారు తన సీట్లోకి వెళ్ళి కూర్చుని మార్కులు వేయడానికి చాలాసేపు తీసుకున్నాడు.

మొదటి బహుమతి కోడిపిల్లల పెట్టెకి వచ్చింది. రెండోది మడత స్టూలుకి. లక్ష్మీకుమారికి సర్టిఫికెట్టు ఇచ్చారు, అందరికీ ఇచ్చినట్టే. బయట వేడిగాలి. గేటు పక్క నీడలో యశోద గిటారుని చీరకొంగుతో తుడుస్తూ నిలబడింది.

"ఏమన్నాడే ఆ సారు?" అంది.

"ఇది వాయించడం కాదమ్మాయ్, బరువు మోయడం అన్నాడమ్మా." పిల్ల నవ్వింది. "ఇంత చెవి ఉంటే సరైన గీతల మీద ఏం చేస్తావో చూడాలని ఉంది అన్నాడు."

"ఆయప్ప చేతిలో పలకలేదు. దీని చేతిలో పలికింది" అంది యశోద, మొగుడి వైపు తిరిగి, అక్కడికి అతనేదో కాదన్నట్టు. "పలికితే చూద్దాం అన్నానా? అన్నాను. యా ఊర్లోనే ఆ చదువు? అంత దూరంలో హాస్టల్లో అన్నం బాగుంటాదా, కనుక్కున్నారా ఎవరన్నా?"

ఆదిశేషు చేతులు చాపాడు. "ఇట్లియ్యి. రేపు వేడి చేసి జిగురు కరగదీస్తా. ఆదివారానికి కొత్త పట్టీ వేసి..."

"వద్దు నాయనా. ఇది ఇట్లే ఉండనీ. దీన్ని వాయించడం నాకొక్కదానికే వచ్చు." లక్ష్మీకుమారి గిటారుని వెనక్కి తీసుకుంది. "ఇంకోటి చేద్దాం. ఈసారి కూడా కాగితం నేనే గీస్తా."

"గీయి. అట్లే కోస్తా." అన్నాడు గానీ, అన్న వెంటనే ఆ కాగితం కళ్ళ ముందుకు వచ్చింది, ఎడంగా మొదలై దగ్గరయ్యే గీతలు, చూడగానే లోపల ఏదో పళ్ళు కొరికింది, సర్దమంది, కొంచెమే, ఒక్క వెంట్రుకంతే. తెలిసి కూడా. ఇంత జరిగాక కూడా. దాచుకోవడం ఎందుకనిపించింది. "నా చెయ్యి ఊరుకోదే అమ్మా. నేను వద్దన్నా సమానం చేస్తాది."

పిల్ల తండ్రి చేతుల వైపు చూసింది, కోపం లేకుండా, ఏ పనిముట్టు ఎందుకు పనికొస్తుందో చూసినట్టు.

"అయితే రంపం నాకియ్యి. నేర్పించు. నువ్వు కాగితం కదలకుండా పట్టుకో."

"పట్టుకుంటా" అన్నాడు ఆదిశేషు.